ఒక్క అంబలి చుక్క

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు ప్యాసింజరు బండి ఆలేరులో ఆగింది. నాలుగింటికి, ఇత్తడి గిన్నెలకు తగరం కలాయి పూసే యాకూబ్‌ను పోలీసులు కోర్టుకు తీసుకుపోతారు. మధ్యలో ఉన్నది రెండు గంటలా నలభై నిమిషాలు. సుగుణమ్మ బండి దిగుతూనే ఆ లెక్క వేసుకుంది. వేసుకుని చేతిగడియారానికి కీ కూడా ఇచ్చుకుంది.

సుగుణమ్మ అంటే పాలమూరులో ఇరవై ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి, పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ విసుగెత్తి, నౌకరీకి దండం పెట్టేసి, ఇంటి ముందరి గదికి ‘ఇచ్చట పరిశోధన చేయబడును’ అని బోర్డు కట్టిన మనిషి. మొదటి ఆరు నెలలు ఆ బోర్డు చూసి వచ్చినవాళ్లంతా పీహెచ్‌డీ రాసిపెట్టమని అడిగినవాళ్లే. పాపం, వాళ్ల తప్పేముంది! కానీ ఇప్పుడు, అంటే 1995 మార్చి నాటికి, దొంగతనాలూ విషప్రయోగాలూ తేల్చిపెట్టమని జిల్లాలు దాటి జనం వస్తున్నారు.

ఆమె వెనకాల ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని దిగినవాడు చోటే మియా. చిన్నవాడని ఆ పేరు పెట్టినవాళ్లు ఏం చూసి పెట్టారో గానీ, మనిషి ఆరడుగుల రెండంగుళాలు. అదే కాలేజీలో ల్యాబ్ అటెండరుగా రిటైరై, పెన్షన్ కాయితాలు అందుకున్న మర్నాడే వచ్చి “మేడం, ఇంట్ల ఉంటే బేగం కూరగాయలకు పంపిస్తున్నది. ఏదన్న పని చెప్పుండ్రి” అని ఆమె గుమ్మంలో కూర్చున్నాడు. అప్పట్నుంచి లేవలేదు.

ప్లాట్‌ఫారం మీద యాకూబ్ పెళ్లాం లాడ్లీ బేగం ఎదురొచ్చింది. పాలమూరులో సుగుణమ్మ పక్కింట్లో ఉండేది ఆమె అక్కే. ఆ అక్క చెప్తేనే ఈ కేసు.

“అమ్మా, అల్లా మీద ఒట్టు పెట్టి చెప్తున్న. మా ఆయినె సీసం చెయ్యితోటి ముట్టడు,” అంది లాడ్లీ బేగం నడుస్తూనే. “తగరం కడ్డీ కొనేటప్పుడు చెవు కాడ పెట్టుకుని వంచుతడు. కిర్రుమంటే అసలు తగరం. సీసం కలిస్తే సప్పుడు రాదు. సప్పుడు రాకుంటే సేటు ముంగట్నే కడ్డీ ఇసిరేసి వస్తడు. గసొంటి మనిషి మంది కడుపులకు విషం పెడతడా?”

“ఏడ్వకు బిడ్డా. ఏడ్చుడు నాలుగు తర్వాత. అది గూడ సంతోషంతోనే. ముందుగాల తారీఖులు చెప్పు.”

లాడ్లీ బేగం కళ్లు తుడుచుకుని చెప్పింది. ఆ ఊళ్లో విత్తనాల దుకాణం భిక్షపతి ఇంట్లో ఏడు ఇత్తడి గిన్నెలకు యాకూబ్ కలాయి పూసింది మార్చి తొమ్మిది, గురువారం. ఆ సాయంత్రమే భిక్షపతికి కడుపునొప్పి. పద్నాలుగున పొద్దున్నే రోజూ తాగే జొన్న అంబలి సగం తాగి పడిపోయాడు. హైదరాబాదు దవాఖానలో వేశారు. ఆయన తమ్ముడు రఘుపతి పట్నం నుంచి అమరేందర్ అనే ప్రైవేటు డిటెక్టివును పిలిపించాడు. గిన్నెలో మిగిలిన అంబలిని అమరేందర్ పరీక్ష చేసి సీసం అని తేల్చాడు. కలాయిలో తగరం బదులు సీసం కలిపాడని పంతొమ్మిదిన యాకూబ్‌ను పట్టుకుపోయారు. ఫిర్యాదు భిక్షపతి భార్య అరుణమ్మ పేరు మీద ఉంది.

“ఎస్సై సారు మంచోడేనమ్మా. ఆమె వాపసు తీస్కుంటె ఇడుస్త, లేకుంటె నా చేతుల్లేదు అన్నడు.”

“మంచిది. అయితే మనకు కావాల్సింది అరుణమ్మ,” అంది సుగుణమ్మ.

నిజం చెప్పాలంటే ఆమె సంచిలో అప్పటికే ఒక ఆధారం ఉంది. పొద్దున హైదరాబాదులో బండి మారేటప్పుడు చోటే మియాతో దవాఖానకు పోయి భిక్షపతిని చూసి, మాట్లాడి వచ్చింది. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు యాదలక్ష్మి ఒకప్పుడు ఆమె క్లాసులో రెండో బెంచీ పిల్ల. భిక్షపతి నున్నటి గుండు చూసి సుగుణమ్మ దాని మీద చెయ్యి పెట్టి తడిమింది. తర్వాత చిన్న సీసాలో ఆయన మూత్రం పట్టించుకుని, యాదలక్ష్మి చెవిలో నాలుగు ముక్కలు చెప్పి, బండెక్కింది.

భిక్షపతి ఇంటి ముందర గదిలో రఘుపతి టిఫిన్ క్యారియర్ సర్దుతున్నాడు. నలభై ఏళ్ల మనిషి, మాట మెత్తన. నెత్తి మీద గుండు చేయించుకున్నాక మొలిచిన వెంట్రుకలు గరుకుగా నిలబడి ఉన్నాయి.

“గుండు మంచిగ కుదిరింది తమ్మీ. ఎన్నడు కొట్టించినవు?” అంది సుగుణమ్మ కుర్చీ లాక్కుంటూ.

రఘుపతికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. “పన్నెండో తారీఖు ఆదివారం. యాదగిరిగుట్ట మీద. అన్న, నేను, నా ఇద్దరు కొడుకులు. వదిన మూడు కత్తెర్లు ఇచ్చింది.”

“మొక్కు ఎవరిది?”

“నాదే. అన్నకు బాగైతె ఇంటిల్లిపాది తలనీలాలు ఇస్తమని మొక్కిన.”

“ఎప్పుడు మొక్కినవు?”

“తొమ్మిదో తారీఖు రాత్రి. కడుపునొప్పి తోటి అన్న మెలికలు తిరుగుతుంటె చూడలేకపోయిన.”

“మరి బాగైతె ఇస్తమన్నవు, బాగుగాకముందే ఇచ్చినవు. దేవుని మీద గంత నమ్మకమా?”

“ముందుగాల ఇస్తే తొందరగ చూస్తడని…” అన్నాడు రఘుపతి. క్యారియర్ గొళ్లెం రెండుసార్లు జారింది.

“తొమ్మిదికి ముందు అన్నకు ఏ బాధా లేకుండెనా?”

“ఏం లేకుండె. ఎద్దు తీర్గ తిరిగేటోడు.”

“కలాయికి యాకూబ్‌ను పిలిచింది ఎవరు?”

“నేనే పిలిచిన. నాకేమెర్క వాడు గిట్ల చేస్తడని! నువ్వు వాని తరఫున వచ్చినవంట. చెయ్యి, నీ పని నువ్వు చెయ్యి. నాకు రెండుంబావుకు బస్సున్నది. అన్నకు ఇంటి తిండి లేకుంటె మెతుకు దిగదు.” గడప దాటబోతూ వెనక్కి తిరిగి వంటింటి వైపు చూసి గొంతు పెంచాడు. “వదినా, పోయొస్త!”

రెండింటికి పది నిమిషాలు తక్కువ ఉందనగా ఆయన వెళ్లిపోయాడు. సుగుణమ్మ ఆ టైము కూడా చిన్న పుస్తకంలో రాసుకుంది.

అరుణమ్మ వంటింట్లో ఉంది. యాభై ఐదేళ్ల మనిషి, నెత్తి మీద కొంగు కప్పుకుని ఉంది. సుగుణమ్మకు మర్యాదగానే పీట వేసింది గానీ, గడప అవతల నిలబడ్డ లాడ్లీ బేగంను చూడగానే ముఖం ముడుచుకుంది.

“ఏం మొఖం పెట్టుకుని వచ్చినవే? నీ పెండ్లికి నేను చీరె పెట్టలేదా? మీ ఇంటాయినె నా తాళి మీదికి తెచ్చిండు గదనే!”

లాడ్లీ బేగం తల వంచుకుంది.

సుగుణమ్మ వంటిల్లంతా కలియజూసింది. గూట్లో ఆరు గిన్నెలు వెండిలా మెరుస్తున్నాయి. ఏడో గిన్నె, అంబలి గిన్నె, పోలీసుల దగ్గర ఉంది. జొన్నపిండి డబ్బా. ఉప్పు జాడీ. పొయ్యి పక్కన ఒక స్టీలు చెంబు.

“గీ చెంబేంది అక్కా?”

“మా మరిదిది. బర్రెలు వాళ్లింట్ల ఉన్నయి. రోజు పొద్దుగాల ఆరున్నరకు అన్నకు అంబలిలకు మజ్జిగ తనే తెస్తడు. పాలేరు తోటి పంపియ్యడు. కొడుకు తీర్గ సాదిన, గా ఇశ్వాసం ఉన్నది.”

“అంబలి నువ్వే కాస్తవా?”

“నేనే.”

“గా గిన్నెల ఎవరెవరు తాగుతరు?”

“ఆయినెది ఆయినెకే. ఇంకొకరు దాంట్ల పోసుకోరు.”

“పెద్దాయనకు అరికాళ్లు మంటలు పుట్టినయా?”

అరుణమ్మ ఉలిక్కిపడింది. “నీకెట్ల ఎర్క? పుట్టినయి. దుప్పటి తగిలినా అరిచేటోడు. శివరాత్రి నాడు చెప్పులు లేకుండ గుడికి పోయిండు, రాళ్లు గుచ్చుకున్నయనుకున్నం. కొబ్బరినూనె రాసిన.”

“శివరాత్రి ఫిబ్రవరి ఇరవై ఏడున. కలాయి పూసింది మార్చి తొమ్మిదిన. పది రోజుల ముందే మంటలు సురువైనయన్నమాట. పట్నం సారుకు ఈ ముచ్చట చెప్పినవా?”

“అడిగితె గద! కడుపునొప్పి ఎప్పుడొచ్చిందని అడిగిండు. చెప్పిన.”

సుగుణమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. “ఇరవై ఏడు, మంటలు. తొమ్మిది, కలాయి. తొమ్మిది రాత్రి, మొక్కు. పన్నెండు, గుండు…”

“మొక్కు తొమ్మిదిన కాదమ్మా,” అంది లాడ్లీ బేగం గడప అవతలి నుంచి మెల్లగా. “గుట్టకు పోయింది మా తమ్ముడు ఆజం జీపుల. ఆరో తారీఖు సోమవారమే రఘుపతి పటేలు కిరాయికి మాట్లాడిండు. ఆదివారం గుండ్లకు పోవాలె, ఇంకెవరికి ఒప్పుకోకు అన్నడంట. పెండ్లోళ్లొస్తే ఆజం వాపసు పంపిండు, నేను తిట్టిన గూడ.”

లెక్కపెడుతున్న సుగుణమ్మ వేళ్లు ఆగిపోయాయి. కడుపునొప్పి రావడానికి మూడు రోజుల ముందే మొక్కు తీర్చడానికి జీపు మాట్లాడటమా! ఎంత ముందుచూపు!

సరిగ్గా అప్పుడే ముందర గదిలో బూట్ల చప్పుడైంది. రెండూ నలభై.

వచ్చినవాళ్లలో ఒకరు ఎస్సై, రెండు రాత్రులు నిద్ర లేని మనిషిలా ఉన్నాడు. రెండోవాడు అమరేందర్. బూడిద రంగు సఫారీ సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు, చూపులో ‘నేనొచ్చాను’ అన్న ధీమా.

“ఓహో, పాలమూరు టీచరమ్మా! మీరు వస్తారని విన్నాను. కేసు ముగిసిపోయిందండీ. అంబలి వడకట్టి, అయొడైడు ద్రావణం పోశాను. పసుపు రంగు తేలింది. సీసం. మీ పిల్లలకు మీరు చెప్పే పాఠమే కదా!”

“పాఠం సగమే చదివినవు నాయినా. పసుపు రంగు ఇచ్చేది సీసం ఒక్కటే కాదు. ఎస్సై గారూ, ఆ వడకట్టిన అంబలి బుడ్డి మీ దగ్గరున్నదా?”

ఎస్సై సంచి తట్టాడు. “ఉన్నది మేడం. యాకూబ్ తోటి పాటు నాలుగింటికి పోతది.”

“జర ఇయ్యుండ్రి.”

“అస్సలు వీల్లేదు!” అమరేందర్ అడ్డంగా నిలబడ్డాడు. “అది కోర్టుకు పోయే సాక్ష్యం. ఉన్నదే పావు బుడ్డి. మీ ట్రంకుపెట్టె ఆటలకు అరకప్పు ఒంపేస్తే రేపు జవాబు చెప్పేదెవరు?”

“అరకప్పు ఎవరికి గావాలె? ఒక్క చుక్క ఇయ్యి.”

“ఒక్క చుక్కా?” అమరేందర్ పగలబడి నవ్వాడు. “ఒక్క చుక్కతో ఏం తేలుస్తారండీ, జాతకమా?”

ఎస్సైకి ఆ నవ్వు నచ్చలేదు. యాకూబ్ ఆయన ఇంట్లో కూడా కలాయి పూసినవాడే. “రెండు చుక్కలు తీసుకోండి మేడం. నేను రాసుకుంటా,” అన్నాడు.

చోటే మియా ట్రంకు తెరిచాడు. అందులోంచి స్కూటరు బ్యాటరీ, మీటలున్న రేకు డబ్బా, కాయితం చుట్ట మీద పెన్ను కదిలే యంత్రం ఒకటి ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. చివర్న దూదిలోంచి చాక్‌పీసంత గాజు గొట్టం తీసి, అరచేతిలో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“గిదేంది మియా సాబ్?” అన్నాడు ఎస్సై వంగి చూస్తూ.

“దీని కొసకు నూరు కార్బన్ పోగులున్నయి సార్. ఒక్కో పోగు మన ఎంట్రుకల పదో వంతు. బంకల పొదిగి, కొసలు నున్నగ అరగదీసి, సన్నటి పాదరసం పూత పెట్టినం. కండ్లకు ఒక్కటి కనబడదు. అరగదీసుడికే పదకొండు దినాలు పట్టింది. మధ్యల మా బేగం రెండుసార్లు కూరగాయలకు పంపించింది, లేకుంటె తొమ్మిది దినాల్లనే అయితుండె.”

“పెద్ద పుల్లతోటి చేస్తే గిన్నెడు నీళ్లు గావాలె, కలుపుకుంటనే ఉండాలె,” అంది సుగుణమ్మ మీటలు సరిచేస్తూ. “ఈ పోగుల కొసలు సన్నటివి గనుక నలుదిక్కుల నుంచి లోహం వీటి మీదికి గుంజుకొస్తది. ఒక్క పోగు బలం మనకు కనబడనంత చిన్నది. నూరు కలిస్తె పెన్ను కదులుతది. ఇనుండ్రి ఎస్సై గారూ, తేలికగ చెప్త. మొదలు రెండు నిమిషాలు కరెంటు పెట్టి, అంబలి చుక్కల ఉన్న లోహాలన్నింటిని పోగుల మీద ఎక్కిస్త. అది సికింద్రాబాదుల బండెక్కుడు అనుకోండి. తర్వాత కరెంటును మెల్లగ మార్చుకుంట పోత. ఒక్కో లోహం తన టేషన్ల దిగిపోతది. జింకు భువనగిరిల, సీసం ఆలేరుల, రాగి జనగామల. దిగినప్పుడల్ల పెన్ను లేస్తది.”

“మరి ఆలేరులో సీసమే దిగుతుందని ఒప్పుకుంటున్నారు కదా?” అన్నాడు అమరేందర్.

“దాని జోడి ఒకడున్నడు. వాడు గూడ ఆలేరులనే దిగుతడు. అందుకనే ఈ తెల్ల మందు.” ఆమె చిన్న బుడ్డి చూపించింది. “ఇది సీసాన్ని గట్టిగ పట్టుకుని కూసుంటది. ఆలేరు టికెట్టు ఇప్పించదు. ఆ రెండోవాని జోలికి మాత్రం పోదు. మందు పోసినంక గూడ ఆలేరుల ఎవరన్న దిగిండంటే, వాడు సీసం కాడు.”

ముందు సీసం కలిపిన నీళ్ల చుక్క పెట్టింది. రెండు నిమిషాలు. పెన్ను కదిలింది, ఒకచోట గుట్టలా లేచి దిగింది. చోటే మియా అక్కడ పెన్సిలుతో గీత పెట్టి ‘ఆలేరు’ అని రాశాడు. అదే చుక్కలో తెల్ల మందు కలిపింది. మళ్లీ రెండు నిమిషాలు. ఆలేరు దగ్గర పెన్ను కదలకుండా చదునుగా వెళ్లిపోయింది.

“దిగలే,” అన్నాడు ఎస్సై.

“ఇప్పుడు మీ బుడ్డి.”

ఒక్క చుక్క. బ్యాటరీ సన్నగా గుయ్‌మంటోంది. అరుణమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమెకు ఎడంగా లాడ్లీ బేగం గోడకు ఆనుకుని పెదవులు కదిలిస్తోంది. పెన్ను సరిగ్గా పెన్సిలు గీత దగ్గర గుట్ట కట్టింది. అంతకు ముందుదానికంటే రెండింతలు ఎత్తు.

“సీసం!” అమరేందర్ చప్పట్లు కొట్టాడు. “మీ డబ్బా కూడా నా మాటే చెప్పింది టీచరమ్మా. ధన్యవాదాలు!”

“తొందరపడకు. సీసం ఎక్కే దారి ఇప్పుడు బంద్ చేస్తున్న.” సుగుణమ్మ తెల్ల మందు కలిపింది.

ఆ రెండు నిమిషాలూ సుగుణమ్మ చేతిగడియారం చూసుకుంటూ లెక్కపెట్టింది. ఊహ తప్పయితే యాకూబ్ బతుకు ఆ పెన్ను కిందే పోతుంది. పెన్ను కదిలింది. భువనగిరి దాటింది. పెన్సిలు గీత దగ్గరకొచ్చింది. లేచింది, లేస్తూనే ఉంది.

“దిగిండు!” ఎస్సై కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “మేడం, ఎవరో దిగిండు! ఎవడు వాడు?”

“థాలియం. అయొడైడు పోస్తే పసుపు రంగు అది గూడ ఇస్తది, అమరేందర్ నాయినా. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఎన్నడో బందైన ఎలుకల మందుల ఉంటది. పాత గోదాముల మూలకు ఇంకా దొరుకుతది. తిన్నోనికి అరికాళ్లు మండుతయి, కడుపు నొస్తది.” సంచిలోంచి చిన్న సీసా తీసింది. “ఇది భిక్షపతి మూత్రం. ఇదిగో చూడు.” ఆ చుక్క కూడా, తెల్ల మందు కలిపాక కూడా, అదే గీత దగ్గర గుట్ట కట్టింది.

అమరేందర్ కాయితం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆ మనిషికి గర్వం ఎంత ఉందో బుద్ధీ అంతే ఉంది, అది ఒప్పుకోవాలి. మూడోసారి చూశాక బ్రీఫ్‌కేసు కింద పెట్టేశాడు. “నేను పొరబడ్డాను,” అన్నాడు.

లాడ్లీ బేగం గోడ పక్కనే కిందికి జారి కూర్చుంది.

“మరి పెట్టిందెవరు?” అన్నాడు ఎస్సై.

“గుండు కొట్టించినోడు,” అంది సుగుణమ్మ. “థాలియం తిన్నోనికి రెండు మూడు వారాలకు ఎంట్రుకలు ఊడిపోతయి. ఏ డాక్టరు చూసినా గుర్తుపట్టే ఆనవాలు అదొక్కటే. అది మాయం చెయ్యాలంటే ఎంట్రుకలే లేకుండ చెయ్యాలె. గుట్టకు పోయి గుండు కొట్టించుకున్నోన్ని చూసి ఎవరన్న అనుమానపడతరా? ప్రసాదం పెట్టమంటరు! పన్నెండున అన్నదమ్ములిద్దరు ఒక్కసారే గుండు చేయించుకున్నరు. తమ్మునికి గరుకు మొలిచింది. అన్న నెత్తి మీద తొమ్మిది దినాలైనా ఒక్క మొలక లేదు. పొద్దుగాల చెయ్యి పెట్టి చూసిన. మొక్కు తొమ్మిదిన మొక్కిన అన్నడు, జీపు ఆరున మాట్లాడిండు. నెపం పడేటందుకు కలాయికి యాకూబ్‌ను పిలిచింది ఆయనే. రోజు మజ్జిగ తెచ్చేది ఆయనే.”

“రఘుపతి? ఎందుకు?”

జవాబు చోటే మియా చెప్పాడు. “భిక్షపతి సాబ్ పొద్దుగాల మాతోటి అన్నడు సార్. పోయిన వానకాలం మొలవని పత్తి విత్తనం తమ్ముడు తెచ్చిందేనట. ఉగాదికి రైతులందరి ముందట చెప్పి, అధికారులకు కాయితం రాస్తనన్నడు. ఉగాదికింక పదకొండు దినాలే ఉన్నయి.”

అమరేందర్ ఎగిరి నిలబడ్డాడు. “క్యారియర్! ఆయన క్యారియర్ తీసుకుని దవాఖానకు పోయాడు!”

“కూసో నాయినా. బయటి తిండి మెతుకు గూడ నోట్ల పెట్టనియ్యొద్దని యాదలక్ష్మికి పొద్దుగాలనే చెప్పొచ్చిన. విరుగుడు మందు గూడ ఆమె తెప్పిస్తున్నది,” అంది సుగుణమ్మ. తన తెలివికి తనకే కాస్త ముచ్చటేసింది, దాచుకోలేదు కూడా. “మియా సాబ్, ఎస్టీడీ బూతుకు పోయి ఫోన్ చెయ్యుండ్రి. క్యారియర్ భద్రంగ దాచి, మనిషిని మాటల్ల పెట్టమనుండ్రి.”

“నేనూ వస్తాను. హైదరాబాదు పోలీసుల్లో నాకు తెలిసినవాళ్లున్నారు,” అని అమరేందర్ ఆయన వెంట పరుగెత్తాడు.

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. “అంతా సరే మేడం. కానీ ఫిర్యాదు ఫిర్యాదే. అరుణమ్మ వాపసు తీసుకోకుంటే నాలుగింటికి నేను యాకూబ్‌ను పంపక తప్పదు. ఈ కాయితం సంగతి కోర్టు తేల్చేసరికి ఎన్ని నెలలైతదో!”

అందరూ అరుణమ్మ వైపు చూశారు. మూడూ ముప్పై ఐదు.

“నేను తీస్కోను,” అంది అరుణమ్మ. “ఏం మనుషులమ్మా మీరు? కాయితం మీద గీత చూపెట్టి మా ఇల్లు కూలగొడతరా? నేను కాపురానికి వచ్చిన్నాడు వానికి మూడేండ్లు. నా కొంగు పట్టుకుని పెరిగిండు. అన్నకు విషం పెడతడా? గీతలు ఎట్లంటె అట్ల గీస్తది మీ డబ్బా!”

“గీత వద్దక్కా. ఎంట్రుకల సంగతి చూడు. పెద్దాయన తల పెట్టుకునే మెత్త మీద ఎన్నడన్న…”

“ఎట్ల ఊడుతయి?” అరుణమ్మ ఒక్కసారిగా అడిగింది.

“ఆఁ?”

“ఎంట్రుకలు. ఎట్ల ఊడుతయి అంటున్న.”

“నొప్పి ఉండదు. దువ్వెన పెడితె కుచ్చులు కుచ్చులుగ వస్తయి. మొదలు ఎవరు పట్టించుకోరు, కుంకుడుకాయ పడలేదనుకుంటరు.”

అరుణమ్మ నెత్తి మీది కొంగు తీసింది. కొప్పు ముడి విప్పింది. విప్పుతున్న చెయ్యి మధ్యలో ఆగింది. లాగలేదు, గుంజలేదు, ఊరికే వేళ్లు పోనిచ్చి కిందికి దించింది. వేళ్లతో పాటు పిడికెడు జుట్టు వచ్చేసింది. చెవి వెనక తెల్లగా చర్మం కనబడింది.

ఎస్సై చేతిలోని టోపీ బల్ల మీద పెట్టేశాడు.

“ఆయినె అడుగున రెండు గుక్కలు ఇడిచేటోడు,” అంది అరుణమ్మ ఆ జుట్టునే చూస్తూ. “గిన్నె కడిగే ముందు నేనే తాగేదాన్ని. పెండ్లైన కాడి నుంచి అంతే. పడిపోయిన పొద్దు ఒక్కటే తాగలే.”

సుగుణమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. గిన్నెలో ఎవరు తాగుతారని అడిగింది, మిగిలింది ఏమవుతుందని అడగలేదు. తనింట్లోనూ తన తల్లి అదే పని చేసేది. అంత తెలిసిన సంగతి తనకెట్లా తోచలేదు? కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి పోయి అరుణమ్మ భుజం పట్టుకుంది.

“భయపడకు అక్కా. నీ కడుపులకు పోయింది తక్కువ. విరుగుడున్నది, ఇయ్యాల మాపటికే దవాఖానల ఉంటవు. నేను తోలుకపోత. నడువు.”

“ఆగు.”

అరుణమ్మ ఆమె చెయ్యి తప్పించుకుని గది దాటి వచ్చింది. నేల మీద కూర్చున్న లాడ్లీ బేగం ముందు ఒక్క క్షణం నిలబడింది. లాడ్లీ బేగం లేచి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసే ఎస్సై ఉన్న బల్ల దగ్గరికి నడిచారు.

“సారూ, నాకు చదువు రాదు. మొన్న మా మరిది ఏందో రాసుకొస్తే ఏలుముద్ర పెట్టిన. ఇప్పుడు నేను చెప్తున్న, మీరు రాయుండ్రి. యాకూబ్ పాపం ఏం లేదు. వాన్ని ఇడుసుండ్రి.”

ఎస్సై గబగబా రాశాడు. సంచిలోంచి సిరా డబ్బా తీసి మూత తెరిచాడు. ఊడిన జుట్టు ఎడమ చేతిలో అట్లాగే పట్టుకుని, అరుణమ్మ కుడిచేతి బొటనవేలు ఆయన ముందుకు చాపింది.